ఈశాన్యం గుట్టలో ఎలుకతోక గబ్బిలాలు

మా రంగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిసినప్పుడు మొదట అడిగేది ఒకటే. "మేడమ్, సర్వీసులో పులిని ఎంత దగ్గర నుంచి చూశారు?" జూపార్కులో చూశాను నాయనా, టికెట్ కొనుక్కుని, మా మనవరాలితో కలిసి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు పులి కాదు కదా, పులి అడుగు కూడా కనపడలేదు. కనపడే చోట్లకు మమ్మల్ని పంపరు. మమ్మల్ని పంపేది రేపో మాపో ఇళ్ళు లేచే చోట్లకు.

నేను బాగా దగ్గర నుంచి చూసింది, రిటైరయ్యే ముందు నాకు కంటి మీద కునుకు లేకుండా చేసింది ఒక గబ్బిలం. ఒక్కటి కాదు, గుహ నిండా. పులి కథ కోసం వచ్చిన వాళ్ళుంటే ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. మా అత్తగారికి అది చివరిదాకా అర్థం కాలేదు. నగరంలో ఒక చిన్న కన్సల్టెన్సీ మాది. ఎవరైనా ఎకరాల కొద్దీ నేల మీద ఇళ్ళో గోడౌన్లో కట్టాలంటే, ఆ నేల మీద ఏయే ప్రాణులున్నాయో ఒక మనిషి తిరిగి చూసి రాయాలి. ఆ మనిషిని నేను. జంతుశాస్త్రం చదివినందుకు నాకు దొరికిన బతుకుతెరువు అది.

మా యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పెద్దమనిషి. నోట్లోంచి కటువైన మాట రాదు. "మీరు చూసినవన్నీ రాయండమ్మా. చివర్లో మాత్రం మన వాక్యం పెట్టండి" అనేవారు. మన వాక్యం ఏమిటంటే, 'ఈ ప్రాంతంలో చెప్పుకోదగిన జీవజాలం లేదు.' నేను పెట్టకపోతే ఆయనే పెట్టుకునేవారు. చెట్టు మీద నెమలి కూస్తుంటే దాని కిందే ఆ వాక్యం టైపయిన సందర్భాలున్నాయి. ఆయన దృష్టిలో చెప్పుకోదగిన జీవి ఒక్కటే, క్లయింటు. ఇన్నేళ్ళలో నేను చూసి రాసినందువల్ల బతికి బట్టకట్టిన ప్రాణి ఒక్కటి కూడా లేదన్న సంగతి రిటైర్మెంట్ దగ్గర పడుతున్న కొద్దీ నన్ను తొలిచేయడం మొదలుపెట్టింది.

అలాంటప్పుడు ఎయిర్‌పోర్టు వైపు సాతంరాయి దాటాక, హైవే నుంచి లోపలికి ఉన్న ఒక గుట్ట దగ్గరికి నన్ను పంపారు. అక్కడ ఒక వెంచర్ వస్తోంది. వెంచర్ ఓనరు ఒకప్పుడు అదే నేలలో టమాటా పండించిన రైతు. ఎయిర్‌పోర్టు వచ్చాక చుట్టుపక్కల అందరూ భూములు అమ్ముకుంటే ఈయన మాత్రం కొన్నాడు. మెడలో లావుపాటి గొలుసు, కాళ్ళకు మాత్రం పాత రబ్బరు చెప్పులు. మనిషి మంచివాడే. మొదటి రోజే కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, గుట్ట వైపు చెయ్యి చూపించాడు.

"గా గుట్ట లేపేస్తున్న మేడం. గుండ్లే గుండ్లు, గడ్డి గూడ మొలువదు. మీరు జర జల్దీ రాసిచ్చేస్తే, పేల్చుడు షురూ చేసుకుంట."

"అంత రాతిగుట్ట పేల్చడం ఎందుకండీ? ఉంటే అందంగానే ఉంటుందిగా."

"అందం ఏడికెల్లి మేడం! నా ప్లాట్లకు అది ఈశాన్యంల ఉన్నది. కొననీకొచ్చినోడల్లా కంపాస్ పట్టుకొనొస్తడు, గుట్టను జూస్తడు, చాయ్ తాగి పోతడు. ఇగ నేనేం జెయ్యాలె?"

ఇదండీ అసలు సంగతి. రాయి కోసం కాదు, రోడ్డు కోసం కాదు. ఈశాన్యంలో బరువు ఉండకూడదట. కొన్ని కోట్ల ఏళ్ళ నుంచి అక్కడే కూర్చున్న నల్లరాతి గుట్ట, ఈయన ప్లాట్లు గీసిన రోజు నుంచి ఈశాన్యంలోకి వచ్చింది.

గుట్ట ఎక్కడానికి మా జీపు డ్రైవరు తోడొచ్చాడు. ఆయనది ఆ పక్క ఊరే, నాకంటే కొంచెం పెద్దవాడు. అన్నా అని పిలిచేదాన్ని. సగం ఎత్తులో రెండు పెద్ద గుండ్ల మీద ఒక బండ కప్పులా పడి, కింద గుహ ఏర్పడింది. లోపలి నుంచి ఘాటైన వాసన. అది తగలగానే నా ప్రాణం లేచొచ్చింది, ఆయన మాత్రం భుజం మీది తువ్వాల తీసి తలకు చెవులతో సహా బిగించి కట్టుకున్నాడు.

"గబ్బిలాలు చెవులు పట్టుకుంటే ఉరుములు ఉరిమేదాంక ఇడువయి మేడం."

"ఎవరి చెవులు పట్టుకున్నాయి అన్నా?"

"మావోళ్ళయి ఎవ్వరియి పట్టుకోలేదు. మేం ముందుగాలే కట్టుకుంటం గద!"

లోపల టార్చి వేశాను. పిల్లలూ, గబ్బిలం అనగానే మీకు మర్రికొమ్మకు తలకిందులుగా వేలాడే పెద్ద పళ్ళ గబ్బిలం గుర్తొస్తుంది. ఇది అది కాదు. దీని ఒళ్ళు నా అరచేతిలో సగం కూడా ఉండదు. బూడిద రంగు బొచ్చు, పొట్ట కింది భాగం, వెనక భాగం మాత్రం బోడి. పెద్ద చెవులు రెండూ నుదుటి మీద ఒక పొరతో కలిసి ఉంటాయి. ముక్కు చివర చిన్న పంది ముట్టె లాంటిది, అందులో సన్నటి చీలికల్లా ముక్కు రంధ్రాలు. వాటిని తెరవగలదు, మూయగలదు. తన గుహ వాసన తనే భరించలేక ఆ ఏర్పాటు చేసుకుందేమో అనిపిస్తుంది. చాలా గబ్బిలాలకు తోక రెక్కల చర్మంలో కలిసిపోతుంది, దీనికి మాత్రం అచ్చం ఎలుక తోకలా సన్నగా, ఒంటి పొడవంతా ఉండి, విడిగా వేలాడుతుంటుంది. అందుకే ఎలుకతోక గబ్బిలం.

ఇది గాల్లో వేలాడటానికి ఇష్టపడదు. నాలుగు కాళ్ళ జంతువులా బొటనవేళ్ళతో, కాళ్ళతో గోడను కరుచుకుని ఉంటుంది. వెలుతురు పడితే గోడ మీద పక్కలకు పరుగులు పెడుతుంది. చీలికలోకి మాత్రం వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోతుంది, తోకతో దారి తడుముకుంటూ. కారు రివర్స్ చేసేటప్పుడు మా డ్రైవరన్న కూడా అంత జాగ్రత్త పడేవాడు కాదు.

నేను మొదటిసారి చూసింది చలికాలంలో. అప్పుడు వాటి తీరే వేరు. వానాకాలం చివర్లో పురుగులు దండిగా తిని, తోక మొదట్లో, తొడల దగ్గర కొవ్వు పోగేసుకుంటాయి. చలి మొదలయ్యాక గోడకు అంటుకుపోయి కదలవు, మెదలవు. తిండి కూడా పెద్దగా ఉండదు. వెనక భాగం మాత్రం ఉబ్బి ఉంటుంది. వాటిని అలా చూస్తూ ఉంటే మా ఆఫీసులో రెండో అంతస్తు మొత్తం నాకు వరుసగా గుర్తొచ్చింది. నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను.

ఎండలు ముదిరాక మళ్ళీ వెళ్ళాను. ఈసారి నవ్వు రాలేదు. కొవ్వు కరిగిపోయింది, పొట్టలు మాత్రం బరువుగా ఉన్నాయి. గోడ నిండా ఆడవే, అన్నీ చూలుతో ఉన్నాయి. వానలు పడి పురుగులు లేచే వేళకు తల్లికొక్క పిల్ల పుడుతుంది. ఏడాదికి అంతే. పుట్టిన పిల్ల తల్లి ఒంటిని కరుచుకుని పాలు తాగుతూ పెరుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఓనరు మందుగుండు పెడతానంటున్నాడు. ఆషాఢం వస్తే కొత్త పని మొదలు పెట్టకూడదు గనక, జ్యేష్ఠం దాటకుండానే మొదటి పేలుడు అయిపోవాలని తొందర. పగలు పేలిస్తే ఈ గబ్బిలాలు ఎటూ ఎగరలేవు. బెదిరి ఇంకా లోపలికి, చీలికల్లోకి దూరతాయి. వాటి మీదే బండ కూలుతుంది.

ఆఫీసుకొచ్చి ఈసారి మన వాక్యం పెట్టనని చెప్పాను. మా యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు కోపం వస్తే అదే చేస్తారు.

"అమ్మా, గబ్బిలం కోసం మీరు ఇంత పట్టుదలకు పోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. కరోనా తర్వాత దాని పేరు ఎత్తితేనే జనం చేతులు కడుక్కుంటున్నారు. నెమలి అయితే సరే, జాతీయ పక్షి, నలుగురిలో మర్యాదగా ఉంటుంది."

"నెమలి ఉన్నప్పుడు కూడా మనం లేదనే రాశాం కదండీ."

ఆయన కళ్ళజోడు మరోసారి తుడుచుకుని, సరే, నిపుణుల పరిశీలన బృందాన్నే రప్పిస్తాను, వాళ్ళు చూసి ఏది చెబితే అది అన్నారు. నేను సంబరపడ్డాను. అంత సర్వీసు చేసి కూడా పరిశీలన బృందం అనగానే సంబరపడ్డానంటే నన్ను ఏమనాలో మీరే చెప్పండి.

జ్యేష్ఠం చివర్లో వచ్చారు ముగ్గురు. ముందు రోజు సాయంత్రం తొలకరి పడి నేల ఇంకా తడిగా ఉంది. బృందం పెద్దాయన రొయ్యల మీద జీవితాంతం పరిశోధన చేసిన మనిషి. మా గుట్టకు రావడానికి ఆయన వెంటనే ఒప్పుకోవడానికి కారణం అది ఎయిర్‌పోర్టుకు దగ్గర కావడమే, సాయంత్రం విమానానికి నేరుగా వెళ్ళిపోవచ్చు. నెత్తి మీద చక్రాలు దించుకుని ఒక్కో విమానం దిగుతుంటే, మాట ఆపి, తలెత్తి, అది తను ఎక్కబోయే కంపెనీదా కాదా అని చూసుకునేవారు. ఓనరు టెంటు వేయించాడు. బిర్యానీ వాసన గబ్బిలాల వాసనను చాలావరకు అణిచేసింది.

గుహ ముందుకొచ్చి పెద్దాయన నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డారు.

"ఏవీ?"

"లోపల చీలికల్లో ఉన్నాయి సార్. కొంచెం వంగి రావాలి."

"నాకు డాక్టరు వంగొద్దన్నాడు. వాటినే ఇటు రప్పించలేమా?"

"పొద్దు గుంకాక అవే వస్తాయి సార్. కాసేపు కూర్చుంటే చాలు."

"పొద్దు గుంకాక నేను విమానంలో ఉంటాను. ఆఫీసు వేళల్లో కనపడే అవకాశం ఏమైనా ఉందా? ఏ మూడింటికో?"

నిజంగా అడిగారు. నేను కల్పించడం లేదు. రెండో ఆయన ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని లోపలికి రెండడుగులు వేసి, బయటికొచ్చి శానిటైజర్ రాసుకున్నాడు. మూడో ఆయన సెల్ఫీ దిగాడు. ఇదంతా చూస్తున్న ఓనరు సాయం చేద్దామని ముందుకొచ్చాడు.

"సార్, నా తాన దీపావళి పటాకులు మిగిలినయ్. ఒక లడీ లోపటికి ఇసిరితే అన్నీ బయటికి ఉరికొస్తయ్, మంచిగ జూడుర్రి."

"అదీ ఒక పద్ధతే" అన్నారు రొయ్యల పెద్దాయన.

నేను గుహ నోటికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. ఏం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు. గొంతు పెద్దది చేశానని, చేతిలోని టార్చిని ఆడించానని తర్వాత డ్రైవరన్న చెప్పాడు. "ఇవి చూలుతో ఉన్నాయి. బెదిరితే పిండాలు జారిపోతాయి. పటాకులు వేయాలంటే ముందు నా మీద వేయండి" అన్నానట. నా వయసులో ఆడమనిషి అలా అరిచేసరికి అందరూ ఇబ్బందిగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మా యజమాని కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టారు. చివరికి పెద్దాయన పెద్దరికంగా, "సరే సరే, ఎందుకమ్మా ఆవేశం. మేం పరిశీలించాం. ప్రాణులు కనపడలేదు" అని తేల్చేసి, భోజనానికి దారితీశారు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు కూడా, ఆయనకు కనపడలేదు.

తిని, నాలుగు కాకముందే ఎయిర్‌పోర్టు వైపు వెళ్ళిపోయారు. మా యజమాని కూడా వాళ్ళ కారులోనే ఎక్కారు. నేను గుట్ట కింద రాయి మీద కూలబడ్డాను. ఏడవకూడదనుకున్నాను కానీ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. డ్రైవరన్న గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు.

ఓనరుకు నా మీద జాలేసినట్టుంది. పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఏడ్వకుర్రి మేడం. నాకు గూడ పాపం అనిపిస్తనే ఉన్నది. గని నేనేం జేతు? ఇంట్ల పెండ్లాం మాట ఇనకున్నా, సిద్ధాంతి మాట ఇంట. గాయన గుట్ట తియ్యాలన్నడు. గిప్పుడే వస్తున్నడు, పేల్చుడుకు ముహూర్తం వెట్టనీకె."

సిద్ధాంతి ఎండ తగ్గాక వచ్చాడు. తెల్ల పంచె, ఖరీదైన వాచీ. ఒకప్పుడు రోడ్ల శాఖలో ఇంజనీరట. రిటైరయ్యాక వాస్తులోకి వచ్చాడు. ఆయన వేసిన రోడ్ల గురించి ఇప్పుడు ఎవరూ అడగరు, ఇది ఎప్పుడూ గుంతలు పడని వృత్తి. రాగానే కంపాస్ తీసి అరచేతిలో పెట్టుకుని, గుట్టను శత్రువును చూసినట్టు చూశాడు.

"ఈశాన్యంలో ఇంత భారం! యజమాని నెత్తిన రాయి పెట్టినట్టే. ఎల్లుండి ఉదయం దివ్యమైన లగ్నం ఉంది. ఆ తర్వాత ఆషాఢం, ఇక కుదరదు."

వాస్తు అంటే నాకు ఒళ్ళు మంట. మా ఫ్లాటులో వంటిల్లు ఏ దిక్కునుందో ఇప్పటికీ నాకు తెలియదు, తెలుసుకోను. మా ఆడపడుచు చెప్పబోతే టీవీ సౌండు పెంచుతాను. అలాంటి నేను, ఆ మాట విన్న క్షణంలో లేచి కళ్ళు తుడుచుకుని, ఎంత వినయంగా అడిగానో చూడండి.

"సిద్ధాంతి గారూ, ఒక్క సందేహం. ఇదే గుట్ట నైరుతిలో ఉంటే ఎలా ఉంటుందండీ?"

ఆయన మొహం వెలిగిపోయింది. జీవితంలో ఆయన్ని ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

"నైరుతిలోనా! నైరుతిలో కొండ ఉండటం కన్నా అదృష్టం ఏముందమ్మా! స్థిరలక్ష్మి. కోట్లు పోసినా దొరకదు. కొందరు లేని ఎత్తు కోసం అక్కడ మట్టి పోయిస్తారు."

"పోయించక్కర్లేదండీ. గుట్టకు అవతల ఉన్న నేల కూడా ఈయనదే. అక్కడ నిలబడి చూస్తే ఈ గుట్ట నైరుతిలోనే ఉంటుంది కదా."

అప్పుడే ఒక విమానం దిగింది. ఓనరు నోరు తెరిచి సిద్ధాంతిని చూస్తున్నాడు, సిద్ధాంతి కంపాస్‌ను చూస్తున్నాడు. తర్వాత ఇద్దరూ గుట్ట చుట్టూ నడవడం మొదలుపెట్టారు. వెనక నేను, నా వెనక తువ్వాల కట్టుకున్న డ్రైవరన్న.

అవతలి నేలను ఓనరు ఎందుకు వదిలేశాడో చూడగానే తెలిసింది. పక్కనున్న బర్రెల షెడ్డు నుంచి మురుగు వచ్చి అక్కడ నిలుస్తుంది. సరైన బాట కూడా లేదు. ఓనరు గొణిగాడు, "గీ పక్క రోడ్డు వస్తదంటున్నరు గని, ఎన్నడొస్తదో..." సిద్ధాంతి వినడం లేదు. కంపాస్‌ను ఇటు తిప్పి, అటు తిప్పి, గుట్ట వైపు చూసి ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు.

"అబ్బ! పక్కా నైరుతి."

పొద్దు గుంకింది. తొలకరికి తడిసిన ఆ నేలలోంచి ఉసిళ్ళు లేవడం మొదలుపెట్టాయి, వేలకు వేలు. ఇంకాసేపట్లో ఏం జరుగుతుందో అక్కడున్న నలుగురిలో నాకు ఒక్కదానికే తెలుసు. ఏదో ఒక సాకుతో వాళ్ళను నిలబెట్టాలి. గడప ఎటు ఉండాలి, బావి ఎక్కడ తవ్వాలి, మెట్లు ఎటు ఎక్కాలి అని సిద్ధాంతిని అడుగుతూనే ఉన్నాను. ఆయన చెబుతూనే ఉన్నాడు. జన్మలో అంత వాస్తు నేను వినలేదు.

అప్పుడు వచ్చాయి. మొదట ఒకటి, తర్వాత రెండు, తర్వాత గుట్టలోంచి పొగ లేచినట్టు అన్నీ. పైకి లేచి, రెక్కలు ఆపి కిందికి జారి, మళ్ళీ లేచి, అలా కెరటాలు కెరటాలుగా మా తలల మీదుగా. ఒక్కోదాని వెనకా ఆ సన్నటి తోక. రొయ్యల పెద్దాయన విమానంలో కూర్చుని బెల్టు పెట్టుకుంటూ ఉంటారు ఆ వేళకు. చూలు బరువుతోనే అవి ఉసిళ్ళ మీద పడి తింటున్నాయి. వాటి పొట్టల్లో వాటి పిల్లలు కూడా తింటున్నట్టే.

ఓనరు మాత్రం భయపడ్డాడు. "గబ్బిలాలు మంచిది గాదంటరు గద సామీ!"

డ్రైవరన్న తువ్వాల లోంచి వత్తాసు పలికాడు. "ఇంట్లకొస్తే ఇల్లు ఖాళీ అయితదంటరు."

సిద్ధాంతి చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాయి.

"ఇంట్లోకి వస్తే అశుభం. గుట్టలోంచి పోతున్నాయి, చూడండి ఎటు పోతున్నాయో! నైరుతి నుంచి ఈశాన్యానికి. బరువు నైరుతిలో, ప్రవాహం ఈశాన్యానికి. సంధ్యవేళ ప్రకృతే గీసి చూపించింది. ఈ గుట్ట మీద చెయ్యి వేస్తే మీరు మిగలరు."

అవి అటు పోయింది ఉసిళ్ళ కోసమని నేను చెప్పలేదు. బర్రెల షెడ్డు దోమల సంగతి అసలే చెప్పలేదు. నా ఉద్యోగ జీవితంలో నేను దాచిన ఏకైక శాస్త్రీయ సమాచారం అదే.

అలా గుట్ట బతికింది. ప్లాట్లు అవతలికి మారాయి. మా యజమాని చివరి వాక్యం మార్చి, 'గబ్బిలాలకు అనువుగా ప్రణాళికను సవరించడమైనది' అని తానే పెట్టుకుని, ఆ మాట మీద ఏదో సభలో శాలువా కూడా కప్పించుకున్నారు. నా వీడ్కోలు సభలో నాకు ఒక గాజు జ్ఞాపిక ఇచ్చారు. దాని మీద చెట్టుకు తలకిందులుగా వేలాడుతున్న పళ్ళ గబ్బిలం బొమ్మ ఉంది. తప్పు గబ్బిలం అని చెబుదామనుకున్నాను కానీ, అందరూ చప్పట్లు కొడుతున్నారు.

ఇక్కడితో ఆపితే మీకు బాగుండేది. నాకూ బాగుండేది. కానీ మన దగ్గర దేన్నైనా చంపడానికి రెండు దారులున్నాయి. ఒకటి పట్టించుకోకపోవడం, రెండోది బాగా పట్టించుకోవడం. ఓనరుకు ఆ గుట్ట మీద భక్తి పుట్టింది. స్థిరలక్ష్మి ఉన్న గుహ కదా! మెట్లు కట్టించాడు. గుహ ముందు గ్రానైటు పరిపించాడు. రంగులు మారే ఫ్లడ్‌లైట్లు నాలుగు, గుహ నోట్లోకే గురిపెట్టి బిగించాడు. ఒక బోర్డు కూడా. 'గబ్బిలాల గుహ. దర్శన వేళలు: ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు.'

డ్రైవరన్న ఫోన్ చేసి రమ్మంటే వెళ్ళాను. గుహ ఖాళీ. ముక్కు దగ్గరగా పెట్టినా వాసన లేదు, ఫినాయిలు కొట్టారు. గోడ మీద అవి ఏళ్ళ తరబడి పట్టుకుని ఉన్న చోట నల్లటి మరకలు మాత్రం మిగిలాయి. ఎవరో దంపతులు వచ్చి, బోర్డు చదివి, లోపలికి తొంగి చూసి, "నిద్రపోతున్నట్టున్నాయి" అనుకుని తృప్తిగా ఫోటో తీసుకుని వెళ్ళారు. నేను ఆ గ్రానైటు మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇందుకా ఆ రోజు అంత అరిచాను అనిపించింది. దుఃఖం, కోపం రెండూ వచ్చాయి. ఎక్కువగా నా మీదే వచ్చాయి.

"ఏడవోయినయో నాకెరుక మేడం" అన్నాడు డ్రైవరన్న. "అందుకే రమ్మన్న. గని ఓనరుకు జెప్పకుర్రి."

గుట్టకు అవతల వెంచర్‌లో క్లబ్‌హౌస్ సగంలో ఆగి ఉంది. సెల్లారులోకి దిగే మెట్లు తప్పు మూలలో పడ్డాయని సిద్ధాంతి అభ్యంతరం పెట్టడంతో పని నిలిచిపోయింది. ఆ సెల్లారులో, చీకట్లో, సిమెంటు గోడల పగుళ్ళలో చేరాయి అవి. అన్నీ రాలేదు. సగం కూడా ఉండవేమో. కానీ ఆడవి ఉన్నాయి, మళ్ళీ చూలుతో. టార్చి కాంతికి ఒకటి తోకతో తడుముకుంటూ వెనక్కి వెనక్కి చీలికలోకి పోయింది. డ్రైవరన్న ఈసారి తువ్వాల కట్టుకోలేదు. అడిగితే, "అలవాటైనయ్ మేడం" అన్నాడు.

ఓనరుకు ఎన్నాళ్ళు తెలియకుండా ఉంటుంది? వాసన వస్తుంది. ఇంట్లోకి వస్తే అశుభమని ఆయన మనసులో ముద్ర పడి ఉంది. ఆ రాత్రి ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించి, తెల్లారాక సిద్ధాంతికి ఫోన్ చేశాను. గబ్బిలాలు క్లబ్‌హౌస్ సెల్లారులో చేరాయని, పిల్లలు పెట్టబోతున్నాయని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అవతల పంచాంగం పేజీలు తిప్పుతున్న చప్పుడు.

"గృహప్రవేశం కాని కట్టడం ఇల్లు కాదమ్మా" అన్నాడు చివరికి. "కాబట్టి దోషం లేదు. అయినా ఆ మెట్లు మార్చాలంటే మంచి ముహూర్తం దొరకాలి. ఇప్పట్లో ఎక్కడుంది? రేపటి నుంచి ఆషాఢం. ఆ వెంటనే మూఢం."

"ఎంతకాలం ఉంటుందండీ మూఢం?"

"మీకు ఎంతకాలం కావాలమ్మా?"

ఆ రోజు ఉసిళ్ళ సంగతి ఆయనకు తెలుసో తెలియదో నేను ఇప్పటికీ అడగలేదు. ఆయనా చెప్పలేదు. పిల్లలు ఎగరడం నేర్చేదాకా చాలండీ అన్నాను. చూద్దాం అన్నాడు.

అందుకే, పిల్లలూ, మా ఇంటికొచ్చినప్పుడు టేబుల్ మీద జంతుశాస్త్రం పుస్తకాల పైన పంచాంగం చూసి ముసిముసిగా నవ్వుకోకండి. ఏటా ఉగాది నాడు వీధి చివర కొట్టు తెరవగానే వెళ్ళి కొనుక్కొస్తున్నాను. మా ఆడపడుచు నేను దారిలో పడ్డానని సంతోషిస్తోంది. రాశిఫలాలు నేను చూడను. మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ఆ పేజీ మడిచి పెట్టుకుంటాను. ఈ ఏడు ఆషాఢం వెనకే వచ్చింది. ఆ సెల్లారు మెట్లకు మళ్ళీ ముహూర్తం దొరకదు. పిల్లలు ఎగిరిపోవడానికి సరిపోతుంది.